సావిత్రి పథ్యం

బొడ్డు దగ్గర జారిన పేగుకి ఆపరేషన్ చెయ్యాలని, చెయ్యాలంటే ముందు ఒళ్ళు తగ్గాలని కాకినాడ సర్జన్ సావిత్రికి చెప్పాడు. ఎంత తగ్గాలో చెప్పాడు గాని ఎలా తగ్గాలో చెప్పలేదు. ఆ లోటు సావిత్రి భర్త సూర్యారావు తీర్చాడు. ఎవరో దూరపు బంధువు నిమ్మరసం మీద ఉండి సన్నబడ్డాడని విని, అదే పథ్యం ఇంట్లో పెట్టించాడు. పొద్దున నిమ్మరసం, మధ్యాహ్నం పలచటి మజ్జిగ, చీకటి పడ్డాక ఒక జామకాయ. అలా నెలన్నర గడిచింది. ఇవాళ పొద్దున రాజోలు బస్టాండులో కూతురు పద్మావతి పక్కన నిలబడ్డ సావిత్రి, బస్సు రాకముందే నేలమీదికి ఒరిగిపోయింది. నలుగురూ పట్టి రిక్షా ఎక్కించారు. రిక్షా తిన్నగా పుష్పలత డాక్టరు ఆస్పత్రి ముందు ఆగింది.

సావిత్రికి తెలివి వచ్చేసరికి ఎండ కిటికీ ఊచల మీదికి ఎక్కింది. మంచం పక్కన ఇనప కర్రకి సెలైన్ సీసా వేలాడుతోంది. సూది గుచ్చిన చెయ్యి చల్లగా, తనది కానట్టుగా ఉంది. కాళ్ళ దగ్గర స్టూలు మీద పద్మావతి ఓణీ కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. పదహారేళ్ళ పిల్ల. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

పెంకుటింటిని మార్చి కట్టిన ఆస్పత్రి అది. రెండు గదులు, నాలుగు మంచాలు. గోడకి బైబిలు వాక్యం రాసిన చర్చి క్యాలెండరు. గుమ్మం దగ్గర ఒక పెద్దావిడ ఇంజెక్షన్ సూదులు మరగబెట్టే గిన్నె దించుతోంది. ఆవిడ ముఖం చూడగానే సావిత్రి పోల్చుకుంది. ఎలీసమ్మ. మామగారి రోజుల్లో తమ చేలో నాట్లకి, కోతలకి వచ్చిన మనిషి. నాట్లవేళ ఆవిడ గట్టు మీద కూర్చోబెట్టిన కూతురే ఇప్పుడీ డాక్టరు పుష్పలత. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. తెలిసినా, ఆ ఇంటి గుమ్మం తొక్కటం సావిత్రికిదే మొదలు.

పుష్పలత వచ్చి మంచం అంచున కూర్చుంది. ముప్పై దాటని మనిషి. తెల్లకోటు కింద సాదా నేత చీర.

"ఎలా ఉందండీ?"

"తల తిరుగుతోందండి డాక్టరుగారూ. మంచం కిందకి వెళ్ళిపోతున్నట్టుంది."

"నిన్న పొద్దుట్నించి నోట్లోకి ఏమేం వెళ్ళాయో చెప్పండి. నీళ్ళతో సహా."

సావిత్రి చెప్పింది. చెప్పటానికి ఎంతోసేపు పట్టలేదు. పుష్పలత వింటూ వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకుంది.

"అన్నీ కలిపినా మూడొందలు రావు" అంది చివరికి.

"ఏంటండీ మూడొందలు?"

"కేలరీలండి. తిన్నది ఒంట్లో ఎంత శక్తి పుట్టిస్తుందో కొలిచే లెక్క. మీరు ఈ మంచం మీద కదలకుండా పడుకున్నా సరే, గుండె కొట్టుకోటానికి, ఊపిరాడటానికి, ఒళ్ళు వెచ్చగా ఉండటానికి రోజుకి పద్నాలుగు, పదిహేను వందలు ఖర్చవుతాయి. ఇంటి చాకిరీ కలిపితే రెండు వేలు. మీరిస్తున్నది మూడొందలు."

"తగ్గాలన్నారు కదండీ మరి."

"తగ్గమన్నారు. ఆరిపొమ్మనలేదు కదండీ."

బయట మోటారుసైకిలు ఆగిన చప్పుడైంది. సూర్యారావు లోపలికి వచ్చాడు. తోటలో కొబ్బరి దింపు జరుగుతుండగా కబురందినట్టుంది, పంచె మీద పీచు దుమ్ము అలాగే ఉంది. భార్యని చూశాడు, సీసాని చూశాడు. గుమ్మం దగ్గరున్న ఎలీసమ్మని చూసి ఒక్కక్షణం తడబడ్డాడు.

"ఏమైందండీ? ప్రమాదమేం లేదు గదా?"

"ప్రస్తుతానికి లేదండి. బీపీ బాగా పడిపోయింది. నాడి ఉండవలసినదానికంటే నిదానంగా ఉంది, మధ్యమధ్యలో తప్పుతోంది. ఈ పథ్యం ఇవాళ్టితో ఆపెయ్యాలి."

సూర్యారావు ఊపిరి పీల్చుకున్నాడు. ప్రమాదం లేదన్న ముక్క ఒక్కటే ఆయన చెవికి ఎక్కింది.

"ఎండలో నిలబడిందండి, అందుకే పడుంటుంది. పథ్యం బాగానే పనిచేసిందండి. తొంభై రెండు కేజీలుండేది మనిషి. సర్జనుగారు డెబ్భై ఎనిమిదికి దిగితే కోస్తానన్నారు. ఇప్పుడు ఎనభై రెండుకి వచ్చింది. ఇంకెంతండీ, నాలుగు కేజీలు! ఇక్కడిదాకా వచ్చేక మళ్ళీ అన్నం పెట్టమంటే పడ్డ కష్టమంతా గోదాట్లో పోసినట్టే కదండీ?"

"నేనూ అదే అనుకుంటున్నానండి" అంది సావిత్రి నీరసంగా. "పదిహేను రోజులు ఓర్చుకుంటే అయిపోతుంది. ఈ సీసా ఎక్కించి పంపించెయ్యండి. జాగ్రత్తగా ఉంటాను."

పుష్పలత సీసా అయ్యేదాకా ఆగి సూది తీసేసింది. గది మూల ఉన్న చెక్కపీట తెచ్చి మంచం పక్కన వేసింది. సావిత్రిని రెండు చేతులా పట్టి మెల్లగా ఆ పీట మీద కూర్చోబెట్టింది.

"ఇప్పుడు చెయ్యి ఆనించకుండా లేవండి."

సావిత్రికి నవ్వొచ్చినంత పనైంది. పాతికేళ్ళుగా పొయ్యి ముందు పీట మీద కూర్చుని లేచిన మనిషి. తొంభై రెండు కేజీల ఒంటితో కూడా, చేతిలో పప్పుగిన్నెతో లేచేది. మోకాళ్ళు బిగించింది. ఒళ్ళు ముందుకి వంచింది. తొడలు వణికాయి. లేవలేదు. మళ్ళీ ప్రయత్నించింది. ఈసారి కళ్ళ ముందు నల్లటి చుక్కలు కమ్మాయి. పద్మావతి గబుక్కున వచ్చి పట్టుకోబోతే డాక్టరు చేత్తోనే వారించి, తనే లేపి మంచం మీద కూర్చోబెట్టింది.

సావిత్రి తన తొడల వంక చూసుకుంది. చీర కింద అవి తన తొడలేనా అనిపించింది.

"పది కేజీలూ కొవ్వే పోయిందనుకున్నారు మీరు" అంది పుష్పలత, ఇద్దరినీ ఉద్దేశించి. "సగం కొవ్వు పోయుంటుంది. కొంత నీరు. మిగతాది కండ. తిండి చాలకపోతే ఒళ్ళు దొరికింది దొరికినట్టు కరిగించుకుంటుందండి, ఇది కొవ్వు, ఇది కండ అని చూడదు. గుండె కూడా కండే."

సూర్యారావు చూపు పీట మీదికి పోయింది.

"ఇంకో మాట. డెబ్భై ఎనిమిదికి దిగి మీరు కాకినాడ వెళ్తారు. పొట్ట కోస్తారు, కుట్లేస్తారు. ఆ కుట్లు మానాలంటే ఒంట్లో సత్తువుండాలి. పప్పులో, గుడ్డులో, చేపలో ఉండే మాంసకృత్తులు కావాలి. అవి లేని ఒంట్లో కుట్లు నిలవవు. మళ్ళీ అదే చోట పేగు జారుతుంది. అసలీ నాడి చూస్తే మత్తు ఇవ్వటానికే వాళ్ళు ఒప్పుకోరు. ఏ ఆపరేషన్ కోసం మీరు కడుపు మాడ్చుకున్నారో అదే మీకు అందకుండా పోతుంది."

"మరి ఎంత తినాలంటారు?" అన్నాడు సూర్యారావు. గొంతులో ఇందాకటి ధీమా లేదు.

"ఆవిడ ఒంటికి రెండు వేలు ఖర్చు. అందులో ఆరువందలు తగ్గిద్దాం. రోజుకి పద్నాలుగు వందలు. వారానికి అరకేజీ తగ్గుతారు. నాలుగు కేజీలకి రెండు నెలలు, మహా అయితే ఇంకొన్ని రోజులు."

"రెండు నెలలా!"

అరిచింది సూర్యారావు కాదు, సావిత్రి. అంతసేపూ గాలిలో తేలుతున్నట్టున్న ఆ గొంతులోకి ఒక్కసారిగా ప్రాణం వచ్చింది.

"వద్దండి డాక్టరుగారూ. పద్నాలుగొందలు వద్దు. ఎనిమిదొందలు ఇవ్వండి."

"కుదరదండి."

"పోనీ వెయ్యి. వెయ్యి అయినా చాలండి నాకు. నేను ఆకలికి ఓర్చుకోగలను."

"సావిత్రిగారూ, ఇది చేపల బేరం కాదండి. పన్నెండు వందల కిందకి ఏ ఆడమనిషినీ, డాక్టరు కళ్ళెదురుగా లేకుండా దించకూడదు. అంతకంటే తక్కువ తిండిలో ఒంటికి కావలసినవి ఇమడవు. మీరు ఇప్పటికే నెలన్నర పస్తున్నారు. మీకు పద్నాలుగు వందలు. అంగుళం తగ్గను."

సావిత్రి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. భర్త ఉన్నాడని కూడా చూడలేదు. డాక్టరు చెయ్యి పట్టుకుంది.

"రెండు నెలలు నాకుందో లేదో మీకేం తెలుసండీ?"

ఆ మాటకి పుష్పలత మళ్ళీ కూర్చుంది. "చెప్పండి" అంది.

సావిత్రి చెప్పింది. ఇన్నేళ్ళ కాపురంలో భర్తకి కూడా పూర్తిగా చెప్పని సంగతి.

ఆమె తల్లికీ ఇదే జబ్బు. బొడ్డు దగ్గర నిమ్మకాయంత ఉబ్బు ఉండేది. పడుకుంటే లోపలికి పోయేది, లేస్తే వచ్చేది. ఆడవాళ్ళకి ఇవన్నీ మామూలేనని ఆవిడ చీర బిగించి కట్టుకుని తిరిగేది. ఒక రోజు ఆ ఉబ్బు లోపలికి పోలేదు. గట్టిపడింది. సాయంత్రానికి వాంతులు మొదలయ్యాయి. బండి కట్టి ముక్తేశ్వరం రేవుకి తీసుకెళ్ళారు. గోదారి దాటించే పంటు అవతలి గట్టున ఉంది. అది వచ్చేదాకా ఇసకలో చాప మీద పడుకోబెట్టారు. పంటు వచ్చింది, ఎక్కించారు. సావిత్రికి అప్పటికి పన్నెండేళ్ళు. తల్లి తల తన ఒళ్ళోనే ఉంది. నడిగోదాట్లో ఆ తల బరువెక్కింది. అవతల కోటిపల్లి రేవులో దిగాక ఆస్పత్రికి వెళ్ళవలసిన పని లేకపోయింది.

"పొద్దున్న లేవగానే ముందు ఇక్కడ తడుముకుంటానండి" అంది సావిత్రి, పొట్ట మీద చెయ్యి వేసుకుని. "మెత్తగా ఉందా, లోపలికి పోతోందా అని. ఇవాళ్టికి బతికేననుకుని పొయ్యి అంటిస్తాను. ఆ గోదారి దాటి ఆపరేషన్ అయిపోయేదాకా నాకు నిద్ర లేదు. ఆకలి సంగతి మీరంటున్నారు గాని, నాకు ఆకలి తెలియటం లేదండి. భయమే తెలుస్తోంది."

సూర్యారావు తల వంచుకున్నాడు. భార్య పట్టుదలకి మురిసిపోయి నలుగురికీ చెప్పుకున్న మనిషి. ఆ పట్టుదల వెనకాల ఏముందో ఇప్పుడు వింటున్నాడు.

పుష్పలత సావిత్రిని పడుకోబెట్టి పొట్ట చూసింది. ఉబ్బు మీద వేళ్ళు పెట్టి మెల్లగా నొక్కింది. అది చప్పుడు లేకుండా లోపలికి జారింది.

"మెత్తగా ఉంది. సులువుగా పోతోంది. మీ భయాన్ని నేను కాదననండి. అది గట్టిపడినా, నొప్పెట్టినా, వాంతులైనా, అర్ధరాత్రయినా సరే కబురు పెట్టండి. అప్పుడు కేజీలూ లేవు, కేలరీలూ లేవు, తిన్నగా ఆపరేషనే. కాకినాడ సర్జనుగారికి ఇవాళే నేను ట్రంకాల్ చేసి మాట్లాడతాను. కాని ఒక్కటి ఆలోచించండి. రేపు నిజంగా ఆ అవసరం వస్తే, ఏ ఒంటితో గోదారి దాటుతారు? ఈ ఒంటితోనా? పీట మీంచి లేవలేని ఒంటితోనా?"

సావిత్రి కళ్ళు మూసుకుంది. తల్లి చనిపోయిన నాటినుంచి నేటిదాకా ఆమెకి ఆ నది ఒక్కటే అడ్డంగా కనపడింది. దాన్ని దాటవలసిన ఒళ్ళు గురించి ఒక్కరోజూ ఆలోచించలేదు. కళ్ళ కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. తుడుచుకోలేదు.

"సరేనండి" అంది. "మీరు చెప్పినట్టే."

పుష్పలత చెప్పసాగింది. పొద్దున మూడు ఇడ్లీలు, కొబ్బరి పచ్చడి చెంచాడు. మధ్యాహ్నం చిన్న గిన్నెతో రెండు గిన్నెల అన్నం, ఒక గిన్నె ముద్దపప్పు, నూనె తక్కువేసిన కూర, మజ్జిగ. సాయంత్రం ఉడికిన గుడ్డు, ఒక పండు. రాత్రికి ఒక గిన్నె అన్నం, చేపముక్క వేసిన పులుసు. నెయ్యి చెంచా దాటకూడదు. పనస తొనలు, పూతరేకులు, బెల్లం పానకాలు ఈ రెండు నెలలూ ఇంట్లో వాళ్ళు తిన్నా ఆవిడ తినకూడదు.

"ఇదంతా రేపే మొదలెట్టకండి. ఇన్నాళ్ళు ఖాళీగా ఉన్న ఒంటికి ఒక్కసారి పెడితే అదీ ప్రమాదమే. ఇవాళ ఇందులో సగం. నా ఎదురుగా. రోజుకింత పెంచుకుంటూ వారానికి ఆ లెక్కకి వద్దాం. ఈ వారం ఇక్కడే ఉండాలి మీరు."

పదకొండు దాటింది. వెనకింట్లోంచి ఎలీసమ్మ సత్తుగిన్నెలో పప్పుకట్టు కలిపిన మెత్తటి అన్నం, సగం గుడ్డు, గ్లాసుతో కొబ్బరినీళ్ళు తెచ్చింది. మంచం దగ్గరకి రాకుండా రెండడుగుల అవతలే ఆగింది.

సూర్యారావు ఆ గిన్నె వంక, ఎలీసమ్మ వంక చూశాడు.

"డాక్టరుగారూ, మీకెందుకండీ శ్రమ. భోజనం మనింటి నుంచే తెప్పిస్తాను. గంటలో వచ్చేస్తుంది."

గిన్నె పట్టుకున్న ఎలీసమ్మ చేతులు కొంచెం కిందకి దిగాయి. ఆ దిగటాన్ని సావిత్రి చూసింది. తమ పెరట్లో, కోతల రోజుల్లో, ఇవే చేతులు దూరం నుంచి విస్తరి చాపటం ఆమెకి గుర్తుంది. అందులోకి అన్నం వంపింది తనే.

"గంట ఆగలేనండి" అంది భర్తతో. తర్వాత ఆమె వైపు తిరిగి, "ఇలా తెండి ఎలీసమ్మగారూ" అంది.

గారూ అన్న మాట నోటినుంచి వచ్చాక గాని, అంతకుముందు ఎన్నడూ ఆవిణ్ణి అలా పిలవలేదని సావిత్రికి తట్టలేదు.

"ఆయ్" అంది ఎలీసమ్మ. దగ్గరికొచ్చి గిన్నె ఆమె చేతికిచ్చింది. ఇచ్చాక ఒక్క క్షణం కళ్ళు మూసుకుని పెదవుల్లోనే ప్రార్థన చేసుకుంది. "మెల్లగా తినండమ్మా. ఒక ముద్ద, ఒక గుక్క. తొందరేం లేదు. తిండి లేని రోజులు మేమూ చూసేం. మా అప్పుడు లేక తినలేదమ్మా. ఉండి తినకపోవటం ఎవరికీ రాకూడదు."

మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు సావిత్రికి ఉప్పు తెలిసింది. తర్వాత కందిపప్పు కమ్మదనం. గొంతు దిగటానికి సమయం పట్టింది. రెండో ముద్ద కొంచెం సులువుగా వెళ్ళింది. ఆకలి తెలియటం లేదన్న మనిషికి, ఎక్కడ దాక్కుందో ఇన్నాళ్ళూ, ఆకలి ఒక్కసారిగా లేచి వచ్చింది. గిన్నె అడుగు కనపడ్డప్పుడు ఇంకా కావాలనిపించింది. అడగలేదు. అడగకూడదని ఇప్పుడు తెలుసు.

సూర్యారావు గుమ్మం అవతలకి వెళ్ళి కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"పిల్ల కూడా పొద్దుట్నించీ ఇక్కడే ఉంది. అమ్మా, పద్మకి కూడా అన్నం పెట్టు" అంది పుష్పలత.

"వద్దండి" అంది పద్మావతి చటుక్కున. "నాకాకలి లేదు."

తల్లి చేతిలో ఖాళీ గిన్నె అందుకోటానికి లేచి చెయ్యి చాపింది. చాపిన చేతికి ఉన్న గాజులు గలగలమంటూ మణికట్టు మీంచి మోచేతిదాకా జారిపోయాయి. అవి ఉగాదికి సబ్బునీళ్ళు పెట్టి, నొప్పని పిల్ల గోల చేస్తుంటే తోసి తోసి ఎక్కించిన గాజులు.

సావిత్రి గిన్నె వదల్లేదు. కూతురి చెయ్యి పట్టుకుంది. రెండు వేళ్ళ మధ్య ఎముక తగిలింది.

"పద్మా, పొద్దున్న ఏం తిన్నావే?"

"తిన్నానమ్మా."

"ఏం తిన్నావని అడుగుతున్నాను."

పద్మావతి గుమ్మం వైపు ఒకసారి చూసింది. అక్కడ తండ్రి వీపు కనపడుతోంది.

"నువ్వు తిన్నదే."

"నిమ్మరసమా? ఎప్పట్నించే?"

"పథ్యం మొదట్లో నాన్నగారు నిన్ను కొబ్బరి తూచే కాటా మీద నిలబెట్టేరు చూడు, దింపు కూలీలందరి ముందూ. కాటా వేసే వీరన్న తూకం గట్టిగా చదివితే అందరూ నవ్వేరు. నువ్వూ నవ్వేవు." అంది పిల్ల తల దించుకుని. "ఆ రోజు నించి. నన్నెవరూ అలా నిలబెట్టకూడదనుకున్నాను."

గుమ్మంలో సూర్యారావు వీపు కదల్లేదు. సావిత్రి చేతిలోంచి గిన్నె జారి గచ్చు మీద దొర్లింది.

పుష్పలత అప్పటికే పద్మావతి మణికట్టు పట్టుకుంది. చేతి గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టింది. మధ్యలో నాడి తప్పితే ఆగింది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. వేళ్ళు తియ్యలేదు.

"అమ్మా" అంది తల తిప్పకుండానే, "పక్క మంచం మీద దుప్పటి తియ్యి, పిల్లని పడుకోబెట్టాలి. తొందరగా."